గొంతులో జీర

జనవరి. ఇక్కడ నడివేసవి.
డిష్ నీడ ఎటు జరిగితే అటు
కంగారూలు లేచి, బద్ధకంగా జరిగి, మళ్ళీ పడుకుంటాయి.
కాన్‌బెర్రా దాటిన ఈ లోయలో ఎండ ముప్పైతొమ్మిది.
ఆ డిష్ నడుమ మాత్రం
హీలియం చలిలో ఒక చిన్న కెంపు
లోకంలోని చప్పుడంతా మర్చిపోయి
ఒక్క పిలుపు కోసం బిగుసుకుని కూర్చుంది.

ఇవాళ నౌక యురేనస్ వెనక్కి వెళ్తుంది.
వెళ్తుంది అనకూడదు. వెళ్ళిపోయింది.
ఆ గొంతు అక్కడ బయలుదేరేసరికి
నేనింకా వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీస్తున్నాను.
రెండు గంటల నలభై అయిదు నిమిషాలు
అది చీకట్లో నడుస్తూనే ఉంది,
నేను కారెక్కి, గేటు దగ్గర
నోలీన్ టాల్‌హర్స్ట్ అని సంతకం పెట్టి,
హెడ్‌ఫోన్ తగిలించుకునేదాకా.

పాసడీనా నుంచి వచ్చిన కుర్రాడు, ఎల్డన్ ప్రూయిట్,
ఇరవై ఆరేళ్ళు, ఎండకు తోలూడిన ముక్కు,
కాగితం మీద గుండ్రంగా గీసి చెప్పాడు:
"దాన్ని తాకలేం. లోపలికి దూకి చూడలేం.
అంచున గాలి ఉంటుంది.
నౌక ఆ గాలి వెనక్కి దిగుతూ
ఒకే శ్రుతి పట్టుకుని ఉంటుంది.
ఆ శ్రుతిని గాలి ఎంత వంచితే, ఎంత నలిపితే
అంత మనకు తెలుస్తుంది,
ఎంత చలి, ఎంత బరువు, ఏ లోతున ఏమిటి అని."

తలూపాను. నాకిది కొత్త విద్య కాదు.
పదిహేడో ఏట కూమా టెలిఫోన్ ఎక్స్చేంజిలో చేరాను.
కియాండ్రా లైను కలపగానే
అవతలి మనిషి హలో అనకముందే చెప్పేదాన్ని,
తీగల మీద మంచు పడిందనో,
ఆడమినబీ దగ్గర వాన మొదలైందనో.
మాటలు వినకూడదని మాకు రూలు.
మాటల చుట్టూ ఉన్నది వినొద్దని ఎవరూ అనలేదు.

మూడింటికి మొదలైంది.
సిరా గీత తిన్నగా నడిచి నడిచి
కొంచెం తల వంచింది.
"హైడ్రోజన్," అన్నాడు ఎల్డన్,
గుంపులో చుట్టాన్ని ఆనవాలు పట్టినట్టు.
"హీలియం కూడా."
ఇక్కడ మా కెంపును చల్లబరిచేదే
అక్కడ గాలిలో సగపాలు కాకున్నా ఓ పాలు.
గొంతు సన్నబడింది.
నూలుపోగు. పోగులో పీచు.
అప్పుడు, ఉన్నట్టుండి, జీర.

చిన్నదే. దగ్గు వచ్చినట్టే వచ్చి ఆగినట్టు.
గీత మోకాలు మడిచి మళ్ళీ నిలబడింది.
ఎల్డన్ మొహంలో నెత్తురు లేదు. "కేబులా?"
పరుగెత్తాను, యాభై రెండేళ్ళ మోకాళ్ళతో.
ప్రతి బిగింపునూ చేత్తో తడిమాను.
అన్నీ గట్టిగానే ఉన్నాయి, వేడిగా, ఏమీ ఎరగనట్టు.
తిరిగొచ్చేసరికి గొంతు లేదు.
గ్రహం అడ్డొచ్చింది.
టేపులు మాత్రం ఆ లేకపోవడాన్ని
జాగ్రత్తగా ఎక్కించుకుంటున్నాయి.

"పరికరం లోపం" అని అతను లాగ్‌బుక్‌లో రాశాడు.
పెన్సిల్ తీసుకుని పక్కన నేను రాశాను:
కేబుల్ బాగుంది. అక్కడే ఏదో గొంతుకు పట్టింది.

ఏప్రిల్లో ఉత్తరం వచ్చింది.
మీథేన్ మబ్బు.
మన నేల మీది గాలి బరువుకు కాస్త పైచిలుకు లోతున, ఒక పొర.
కంప్యూటర్ నున్నగా గీసిన ఆ మోకాలిని జతచేసి
కింద చేత్తో రాశాడు:
"గొంతుకు పట్టింది ఇదే."

ఆ సాయంత్రం సంగతి ఒకటి చెప్పలేదు.
ఇంటికి పోతుంటే, కొండ మలుపులో
కారు రేడియోలో క్రికెట్ స్కోరు మసకబారింది.
రోజూ అక్కడ స్టేషన్ మార్చేస్తాను.
ఆ రోజు మార్చలేదు.
కొండ దాటేదాకా ఆ గరగరే విన్నాను,
ఎక్కడో మబ్బు లేని పొడి మెరుపు,
తీగల మీద ఎండ,
లోయకీ నాకూ మధ్య ఎంత గాలి ఉందో అంతా.
వికెట్లు ఎన్ని పోయాయో
ఇప్పటికీ తెలియదు.